రామచంద్రపురంలో మా ముత్తాత బట్టల కొట్టు కరపత్రం: తేదీ లేదు, ఎప్పటిదో తెలుసుకునే దారి ఉందా?

పుష్పలత

అందరికీ నమస్కారం. మాది రామచంద్రపురం, ఇప్పుడు ఉండేది హైదరాబాదులో. ఊళ్ళో మా పాత మండువా లోగిలి తీసేసి కొత్త ఇల్లు కట్టుకుంటున్నారు అన్నయ్యా వాళ్ళు. సంక్రాంతికి వెళ్ళినప్పుడు కొట్టుగదిలో ఉన్న భోషాణం తెరిచాం. అందులో మా ముత్తాత బట్టల కొట్టు తాలూకు కాగితాలు దొరికాయి. ఎర్ర గుడ్డ బైండింగు చేసిన చిట్టాలూ ఆవర్జాలూ, అంటే రోజువారీ లెక్కల పుస్తకాలూ ఖాతా పుస్తకాలూ, చాలా ఉన్నాయి. ఒక అట్టపెట్టె నిండా రంగుల బొమ్మలున్నాయి, అరచెయ్యంత ఉంటాయి ఒక్కొక్కటి. గోవర్ధనం ఎత్తిన కృష్ణుడు, తామరపువ్వులో లక్ష్మి, అంబారీ ఉన్న ఏనుగు. చుట్టూ బంగారు రంగు అంచు, అడుగున ఇంగ్లీషులో మాంచెస్టర్ అని ఉంది. దేవుడి బొమ్మ కింద మాంచెస్టర్ ఎందుకో నాకు అర్థం కాలేదు.

అన్నిటికంటే నేను వదులుకోలేనిది ఒక గులాబీ రంగు కరపత్రం. పల్చటి కాగితం, నాలుగు మడతలు. పై సగం మాత్రం చదవగలిగాను, కింది మడత అతుక్కుపోయింది. పెళ్ళిళ్ళకు కావలసిన కంచి, బెనారసు పట్టుచీరలు, జరీ పంచెలు, ఉప్పాడ చీరలు వచ్చాయని, ఒకటే మాట, ఒకటే ధర అని రాయించారు. కాకినాడ ధరలకే ఇస్తామన్నారు. రైలు స్టేషను నుంచి కొట్టుకు ఎలా రావాలో చెప్పారు. గోదావరి అవతల నుంచి ముక్తేశ్వరం రేవు దాటి వచ్చేవాళ్ళు భోజనం గురించి బెంగపెట్టుకోవద్దనీ ఉంది. ఆ ముక్క చదివి నాకు కళ్ళు చెమ్మగిల్లాయి. ముత్తాతను నేను చూడలేదు, ఇంట్లో ఆయన ఫోటో కూడా లేదు. ఆయన మాట తీరు ఎలా ఉండేదో ఈ కాగితం వల్లే తెలిసింది.

అన్నయ్యకు ఇవన్నీ పాత కాగితాల కింద లెక్క. చెదలు పట్టకముందే వదిలించుకుందాం అంటున్నాడు. నేను ఒప్పుకోలేదు. తేదీ ఎక్కడా కనబడలేదు. ఏ కాలానిదో కనిపెట్టే మార్గం ఉందా? ఆ రోజుల్లో మన జిల్లాలో కొట్లవాళ్ళు సరుకు గురించి జనానికి ఎలా చెప్పుకునేవారు? పేపర్లో వేయించేవారా? తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి, ఎంత రాసినా చదువుతాను.

ట్రెడిల్ సూర్యం

పుష్పలతమ్మా, మాది పాలకొల్లు. మూడు తరాలుగా అచ్చు పనే మాది. ముందు ఒక మాట: ఆ అతుక్కున్న మడత చేత్తో లాగకు తల్లీ. నీళ్ళు అసలే తగలనివ్వొద్దు, ఆ గులాబీ రంగు కారిపోతుంది. మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బా తీసుకో. అడుగున తడిపి బాగా పిండిన గుడ్డ పరువు. దాని మీద జల్లెడలాంటిది బోర్లించి, కాగితాన్ని ఆ జల్లెడ మీద ఉంచి మూత పెట్టు. తడి తగలకుండా చెమ్మ మాత్రమే పట్టాలి. కొన్ని గంటలకు కాగితం మెత్తబడుతుంది. మధ్యమధ్యలో చూస్తూ ఉండు, ఎక్కువసేపు వదిలేస్తే బూజు పడుతుంది. మడత దానంతట అది వదులైతే తెల్ల కాగితాల మధ్య పెట్టి, పైన తేలికపాటి బరువు ఉంచి ఆరనివ్వు. లామినేషన్ చేయించొద్దు, సెల్లోటేపు అంటించొద్దు. టేపు జిగురు కొన్నేళ్ళకు కాగితాన్నే తినేస్తుంది.

మడత విప్పాక అడుగున అన్నిటికంటే చిన్న అక్షరాల్లో ఉన్న లైను చూడు. అక్కడ ప్రెస్సు పేరు, ఊరు ఉంటాయి. ఉండి తీరాలి. 1867లో వచ్చిన ప్రెస్సుల చట్టం ప్రకారం అచ్చయిన ప్రతి కాగితం మీదా అచ్చువేసినవాడి పేరు, వేసిన చోటు వెయ్యాల్సి ఉండేది. పుస్తకం కావచ్చు, కరపత్రం కావచ్చు, అదే రూలు. మా నాన్నగారు పెళ్ళి శుభలేఖ మీద కూడా ఆ లైను మర్చిపోయేవారు కాదు. కొన్ని ప్రెస్సులు ఆ లైను చివర ఎన్ని కాపీలు, ఏ తేదీ అన్నది కూడా వేసేవి. నీ అదృష్టం బాగుంటే అదీ దొరుకుతుంది.

కరపత్రం ఎలా తయారయ్యేదో చెబుతాను, నీ కాగితం చేతిలో పెట్టుకుని చూస్తే తెలుస్తుంది. కొట్టు యజమాని వచ్చి బల్ల దగ్గర కూర్చుని నోటితో చెప్పేవాడు. గుమాస్తా రాసుకునేవాడు. కంపోజిటరు, అంటే అక్షరాలు పేర్చేవాడు, ఎడమచేతిలో స్టిక్ అనే చిన్న పట్టీ పట్టుకుని, కేసులోంచి, అంటే అక్షరాల అరల పెట్టెలోంచి, ఒక్కో అక్షరం ఏరి తలకిందులుగా పేర్చుకుంటూ పోయేవాడు. ఇంగ్లీషుకైతే అరలు తక్కువ. తెలుగుకు గుణింతాలు వేరు, ఒత్తులు వేరు, గోడ పొడుగునా కేసులే. అందులోనూ పెద్ద సైజు టైపు చిన్న ప్రెస్సుల్లో అన్ని అక్షరాలకూ ఉండేది కాదు. హెడ్డింగులో పడే మాటకు కావలసిన ఒత్తు పెద్ద సైజులో లేకపోతే యజమానికి నచ్చజెప్పి మాటే మార్పించేవాళ్ళు. మా తాతగారి హయాంలో ఎన్నో కొట్ల పేర్లు అలాగే కుదిరాయని నాన్నగారు చెప్పేవారు. చుట్టూ పూల బార్డరు ఉందా? ఒక పక్క చెయ్యి బొమ్మ, చూపుడువేలు చాచి ఉందా? ఆ చెయ్యి బ్లాకు, అంటే బొమ్మ అచ్చు, ప్రతి ప్రెస్సులోనూ ఉండేది. ఒకటే చెయ్యి పొద్దున బట్టల కొట్టును చూపిస్తే, సాయంత్రం నాటకం టిక్కెట్లను చూపించేది. గొడుగు, సీసా, గడియారం, కుట్టుమిషను, అన్నిటికీ తయారు బ్లాకులు ఉండేవి. అందుకే ఒకటే గొడుగు బొమ్మ మూడు ఊళ్ళ కొట్ల కరపత్రాల్లో కనబడుతుంది.

ఇక పేర్చిన అక్షరాల ఫారం బిగించి ట్రెడిల్, అంటే కాలితో తొక్కే అచ్చుమిషను, ఎక్కించడం. ఒక కాలు తొక్కుతూనే ఉండాలి, కుడిచేత్తో కాగితం పెట్టాలి, ఎడమచేత్తో తియ్యాలి. దవడలు మూసుకునేలోపు చెయ్యి బయటికి రావాలి. మా తాతగారి ఎడమ చిటికెనవేలు ఆ మిషనే నలిపేసింది. నీ కాగితం వెనక్కి తిప్పి వేలితో తడిమి చూడు. అక్షరాలు గుచ్చుకున్నట్టు తగిలితే సీసం టైపుతో, చేత్తో పేర్చి వేసినదే. ఆ గరుకు ఎవరో కాలితో తొక్కిన పని.

పేపరు ప్రకటనల మాటకొస్తే, మన వైపు పత్రికలకు లోటు లేదు. రాజమండ్రిలో వీరేశలింగం గారి వివేకవర్ధని 1874లోనే మొదలైంది. ఆడవాళ్ళ కోసం నడిచిన హిందూసుందరి 1902లో మొదలై తరవాత కాకినాడ నుంచి వచ్చింది. కానీ ప్రకటనలు వెతకడానికి లైబ్రరీకి వెళ్తే మనసు చివుక్కుమంటుంది. మాసపత్రికల్లో ప్రకటనలు ఎక్కువగా పై అట్ట మీదా, ముందు వెనక రంగు కాగితాల మీదా ఉండేవి. ఏడాది సంచికలు కలిపి బైండు చేసేటప్పుడు బైండరు ఆ అట్టలు చింపి పారేసేవాడు. లోపలి సాహిత్యం మిగిలింది, బజారు పోయింది. అందుకే నీ దగ్గరున్న ముక్క విలువైనది. మీ అన్నయ్యకు ఈ మాట నా పేరు చెప్పి చెప్పు.

కోటిపల్లి ప్యాసింజరు

పుష్పలత గారూ, మీరు రైలు స్టేషను అని రాసిన ముక్క చదవగానే లేచి కూర్చున్నాను! రామచంద్రపురానికి రైలు అన్ని రోజుల్లోనూ లేదు. కాకినాడ నుంచి కోటిపల్లి దాకా, సుమారు 45 కిలోమీటర్ల లైను 1928లో పడింది. 1940లో యుద్ధం అవసరాలకని పట్టాలు పీకి పట్టుకుపోయారు. మళ్ళీ 2004లో గాని రైలు నడవలేదు. మీ ముత్తాతగారు రైలు దిగి రమ్మంటున్నారంటే ఆ కరపత్రం 1928కీ 1940కీ మధ్యదే. ఇంతకంటే గట్టి ఆధారం ఇంకోటి ఉండదు.

జిల్లా పేరు కూడా చూడండి. 1925 ఏప్రిల్‌లో పశ్చిమ గోదావరి విడిపోయింది. అంతకుముందు కాగితాల మీద గోదావరి జిల్లా అనే ఉంటుంది, తరవాత తూర్పు గోదావరి. ఇంకో తమాషా ఉందండి. 1904లో పడమటి తాలూకాలు కృష్ణా జిల్లాలో కలిపారు కాబట్టి తణుకు, భీమవరం కొట్ల కాగితాల మీద కృష్ణా జిల్లా అని కనబడితే కంగారు పడక్కర్లేదు, అవి 1904కీ 1925కీ మధ్యవి.

రాజమండ్రి కొట్ల పాత కరపత్రాలు ఎవరికైనా దొరికితే, వంతెన మాట ఉందేమో చూడండి. గోదావరి మీద మొదటి రైలు వంతెన 1900లో తెరిచారు. అంతకుముందు కొవ్వూరు వైపు నుంచి వచ్చేవాళ్ళు నది దాటి రావలసిందే. కొట్టుకు దారి చెప్పే వాక్యంలో రేవు ముందు ఉందా, స్టేషను ముందు ఉందా అన్నదాన్నిబట్టి కాలం పట్టేయొచ్చు.

కొవ్వూరు కుర్రాడు

నాదొక సందేహం. చిన్న ఊళ్ళో బట్టల కొట్టంటే అందరికీ తెలిసిందే కదా. వాళ్ళ తాతల నుంచీ అక్కడే కొంటారు. అరువు ఖాతాలు కూడా అక్కడే ఉంటాయి. కరపత్రం వెయ్యాల్సిన అవసరం ఏముంది? టముకు వేయించినా సరిపోయేది. మందుల కంపెనీలంటే వేరు. అమృతాంజనం లాంటివి ఎక్కడో బొంబాయిలో తయారై ఊరూరా అమ్ముడుపోవాలి, కాబట్టి ప్రకటన కావాలి.

ట్రెడిల్ సూర్యం

మంచి ప్రశ్న వేశావు బాబూ. సగం నిజమే. అమృతాంజనం 1893లో పుట్టింది, కాశీనాథుని నాగేశ్వరరావు గారిది. సంగీత సభల్లో డబ్బాలు ఊరికే పంచిపెట్టేవారని చెప్పుకుంటారు. తరవాత ఆయనే 1908లో ఆంధ్రపత్రిక పెట్టారు. మందు అమ్మిన డబ్బు పత్రికకు, పత్రిక మందుకు. దూరం నుంచి అమ్మేవాడికి పేపరు కావాలి, పోస్టు కావాలి. 1877లో వి.పి. పోస్టు, అంటే సరుకు అందుకునేటప్పుడు పోస్టువాళ్ళకే డబ్బు కట్టే పద్ధతి, వచ్చింది, 1880లో మనియార్డరు వచ్చింది. అప్పటి నుంచే సరుకు కంటితో చూడకుండా తెప్పించుకోవడం పల్లెటూరివాడికి సాధ్యమైంది. అర్ధణా, అణా ఖర్చుతో కేటలాగు తెప్పించుకుని రాజమండ్రి పుస్తకాల కొట్ల నుంచి శతకాలు, నాటకాలు, పెద్ద బాలశిక్షలు ఇంటికి రప్పించుకునేవారు. కంటికి కనబడని కొట్టును నమ్మాలి కాబట్టి ఆ ప్రకటనల నిండా జమీందార్ల మెప్పులు, డాక్టర్ల యోగ్యతా పత్రాలు, నచ్చకపోతే వాపసు అనే హామీలు ఉంటాయి.

టముకు కూడా ఉండేది, నువ్వన్నది నిజం. కొత్త సరుకు వచ్చినా, సంతలో కొత్తగా కొట్టు పెట్టినా చాటింపు వేయించేవారు. నాటకం కంపెనీ వస్తే జోడెడ్ల బండికి రెండు పక్కలా తడికెలు కట్టి, వాటికి పోస్టర్లు అంటించి, ముందు మేళం పెట్టి ఊరంతా తిప్పేవారు. బండిలోంచి కరపత్రాలు విసిరితే పిల్లలు వెనకపడి పరిగెత్తేవాళ్ళు. ఒక్కో రంగు ఒక్కటైనా సంపాదించాలని పోటీ. కాలవల్లో పడవ ప్రయాణాలున్న రోజుల్లో లాకుల దగ్గర పడవ ఆగాలి కదా, నీళ్ళు సమం అయ్యేదాకా కదలదు. కరపత్రాలు పంచేవాడికి అంతకంటే మంచి చోటు లేదని మా తాతగారనేవారట. చదువొచ్చినవాడు ఒకడు పైకి చదివితే పడవంతా వినేది. వెయ్యి కాపీలు వేస్తే చేరేది వెయ్యిమందికి కాదు, దానికి ఎన్నో రెట్లు.

కానీ ఈ కరపత్రం సంగతి వేరు. ఊళ్ళోవాళ్ళ కోసం వేసింది కాదిది. కాకినాడ ధరలకే అన్నారు చూశావా, అక్కడ ఉంది అసలు విషయం. 1928 దాకా రామచంద్రపురంలో పెళ్ళి పెట్టుకున్నవాళ్ళు కాకినాడ పోవాలంటే బండి కట్టాలి, లేదా మోటారు బస్సు పట్టాలి. రైలు పడ్డాక పొద్దున వెళ్ళి సాయంత్రానికి మూటతో తిరిగి రావచ్చు. కాకినాడ పెద్ద రేవు పట్నం, పెద్ద కొట్లు. మీ ముత్తాతగారి బేరాలు ఆ రైలెక్కి పోవడం మొదలై ఉంటుంది తల్లీ. ఆయన ఏం చేశారు? అదే రైలును అటునుంచి పట్టుకున్నారు. కోటిపల్లి, ద్రాక్షారామం వైపు నుంచి, నది అవతల కోనసీమ నుంచి ముక్తేశ్వరం రేవు దాటి వచ్చేవాళ్ళు కాకినాడ దాకా పోకుండా మధ్యలో తన దగ్గర దిగాలి. అందుకే దారి చెప్పారు, భోజనం పెడతానన్నారు. ఏ కరపత్రం చేతికొచ్చినా నేను ముందు చూసేది అదే: ఎవరు తన బేరం లాక్కుపోతున్నారని ఈయన బెంగపడ్డాడు? సరుకు పేర్లు అందరూ వేస్తారు. ఆ బెంగ మాత్రం ఆ ఊరికి, ఆ సంవత్సరానికి సంబంధించినది.

జగన్నాథపురం బట్టల కొట్టు

ఆలస్యంగా చూశానండీ ఈ చర్చ. మాది కాకినాడ జగన్నాథపురం, తాతల నాటి బట్టల వ్యాపారం. పుష్పలత గారి రంగుబొమ్మల గురించి నేను చెప్పగలను.

వాటిని మావాళ్ళు మార్కులనేవారు. ఇంగ్లండు మిల్లుల నుంచి బేళ్ళలో వచ్చే తానుల మీద, విప్పగానే కనబడేలా అంటించి పంపేవారు. మాంచెస్టర్‌లో ఆ బొమ్మలు అచ్చువెయ్యడమే పెద్ద పరిశ్రమ. మన దేవుళ్ళను అక్కడివాళ్ళు రాతిమీద గీసి రంగులు వేసేవారు. 1890ల్లో రవివర్మ బొంబాయి దగ్గర ప్రెస్సు పెట్టి బొమ్మలు అచ్చు వేయడం మొదలుపెట్టాక ఆ పోలికలు కూడా మార్కుల్లోకి వచ్చేశాయి. కొనేవాళ్ళలో చదువు రానివాళ్ళే ఎక్కువ. కంపెనీ పేరు ఎవరికి కావాలి? ఏనుగు మార్కు మల్లు ఇమ్మనేవారు, అంతే. కిందటేడు కొన్న లాంక్లాత్ ఉతుక్కి నిలిస్తే ఈ ఏడూ అదే బొమ్మ అడుగుతారు. బొమ్మ మారితే తాను వెనక్కి నెట్టేస్తారు, బట్ట అదే అని ఒట్టేసినా సరే. కాబట్టి ఆ బొమ్మ అలంకారం కాదు, మాట ఇచ్చినట్టు. ఇంకొకటి చూడండి, పాత తాను ముక్క ఏదైనా ఉంటే అంచున గజాల లెక్క ముద్ర ఉంటుంది. 1889 చట్టం ప్రకారం తాను పొడుగు గజాల్లో ముద్ర వెయ్యాల్సి ఉండేది. అంతకుముందు పొడుగులో మోసాలు బాగా జరిగేవి.

మీకు ఇంకో సంగతి చెప్పాలి. మన ఇంజరం, మాధవాయపాలెం రేవుల నుంచి ఒకప్పుడు ఈస్టిండియా కంపెనీ వాళ్ళు ఇక్కడి నేత బట్టే ఓడలకెత్తి ఇంగ్లండు పంపేవారు. వందేళ్ళు తిరిగేసరికి మిల్లు బట్ట అటునుంచి ఇటు రావడం మొదలైంది, పైగా మన కృష్ణుణ్ణి అంటించుకుని. ఆ మగ్గాల మీద బతికిన కుటుంబాలు ఏమైపోయాయో తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. ఆ బట్ట అమ్మినవాళ్ళలో మా తాతలూ ఉన్నారు. నేను దాన్ని దాచిపెట్టను.

మీ కరపత్రంలో ఉప్పాడ చీరల పేరుంది కదా, ఇంకా ఖద్దరు, స్వదేశీ మిల్లు అనే మాటలు ఉన్నాయేమో చూడండి. 1907లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి, కాకినాడ వచ్చి ఉపన్యాసాలిచ్చినప్పటి నుంచే స్వదేశీ మాట ఇక్కడ బలపడింది. 1923లో కాకినాడ కాంగ్రెసు సభలకు ఖద్దరు ప్రదర్శన పెట్టారు. టిక్కెట్టు లేదని నెహ్రూను గుమ్మంలో ఆపిన వాలంటీరు పిల్ల దుర్గాబాయి, ఆ ప్రదర్శన దగ్గరే. 1930లో మాత్రం వ్యవహారం కొట్ల గుమ్మాల్లోకి వచ్చేసింది. విదేశీ బట్ట కొట్ల ముందు పికెటింగులు జరిగాయి. ఉన్న విదేశీ బేళ్ళకు కాంగ్రెసువాళ్ళు సీళ్ళు వేస్తే, వాటిని విప్పబోమని వర్తకులు మాట ఇచ్చేవారు. ఆ తరవాత వేసిన కరపత్రమైతే స్వదేశీ అనే మాట లేకుండా ఉండదు.

పుష్పలత

సూర్యం బాబాయ్ గారూ, మీరు చెప్పినట్టే చేశాను. మడత విడిపోయింది, ఒక మూల మాత్రం కాస్త చిరిగింది. అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను.

చెయ్యి బొమ్మ ఉంది! కుడి పక్కన, వేలు కొట్టు పేరు వైపు. వెనక తడిమితే అక్షరాలు గుచ్చుకున్నాయి. అడుగు లైనులో కాకినాడలోని ఒక ప్రెస్సు పేరు ఉంది, తేదీ లేదు. తూర్పు గోదావరి జిల్లా అని స్పష్టంగా ఉంది. అంటే తన బేరం లాక్కుపోతున్న ఊరికే రైల్లో వెళ్ళి కరపత్రం వేయించుకొచ్చారన్నమాట ముత్తాత.

కింది సగంలో మూడు విషయాలున్నాయి. పంచెలు, రవికె గుడ్డలు ఖద్దరువీ స్వదేశీ మిల్లులవీ మాత్రమే అమ్ముతామని మొదటిది. పల్లెల వాళ్ళకు బట్టలు వి.పి.లో కూడా పంపుతామని రెండోది. మూడోది చదివి ఆగిపోయాను. ధాన్యం ధరలు పడిపోయి రైతులు ఇబ్బందిలో ఉన్నారు కాబట్టి పెళ్ళి బట్టలు లాభం చూసుకోకుండా ఇస్తామని, సగం సొమ్ము పంట చేతికొచ్చాక ఇచ్చినా పరవాలేదని ఉంది.

కోటిపల్లి ప్యాసింజరు

అయితే ఇంకా దగ్గరికొచ్చేశాం. ధాన్యం ధరలు కుప్పకూలింది 1930 నుంచి 1933, 34 దాకా. ప్రపంచమంతా మాంద్యం, మన డెల్టాలో ధర దాదాపు సగానికి పడిపోయింది. రైతుకు శిస్తు మాత్రం ఆ లెక్కన తగ్గలేదు. బంగారం అమ్ముకుని శిస్తు కట్టిన కుటుంబాలున్నాయి. స్వదేశీ మాట, ధాన్యం మాట, రైలు, మూడూ కలిపితే 1931కీ 1934కీ మధ్య అని నేను నమ్మకంగా చెబుతాను. పెళ్ళిళ్ళ మాట ఉంది కాబట్టి మాఘమాసం ముందో, వైశాఖం ముందో వేసి ఉంటారు.

జగన్నాథపురం బట్టల కొట్టు

పుష్పలత గారూ, చిట్టాలు తెరవండి. అసలు రుజువు అక్కడుంది. ఆ మూడు నాలుగేళ్ళ ఆవర్జాల్లో ఖాతాదారుల పేర్ల పక్కన ఊరు రాసి ఉంటుంది. కరపత్రం వెయ్యకముందు ఏ ఊళ్ళవాళ్ళు కొన్నారు, తరవాత ఏ ఊళ్ళవాళ్ళు వచ్చారు అన్నది వరసగా రాసుకోండి. నది అవతలి ఊళ్ళు కొత్తగా కనబడితే ముత్తాతగారి ఎత్తు పారినట్టే. వి.పి. బంగీల ఖర్చు చిట్టాలో పోస్టాఫీసు పద్దు కింద ఉంటుంది. అచ్చు కూలి పద్దు దొరికితే తేదీ కూడా దొరికినట్టే, ప్రెస్సు పేరు మీకు ఎలాగూ తెలుసు కదా.

అంకెలు మూడు ముక్కలుగా, మధ్యలో గీతతో ఉంటాయి. 3-4-6 అంటే మూడు రూపాయల నాలుగణాల ఆరు పైలు. రూపాయికి పదహారణాలు, అణాకు పన్నెండు పైలు. కూడికలో ఇది మర్చిపోతే లెక్క తప్పుతుంది. బట్ట కొలత గజాల్లోనే ఉంటుంది, ముప్పావు, అర, పావు గీతలతో రాస్తారు. అర్థం కాని పద్దు ఫోటో తీసి ఇక్కడ పెట్టండి, చదివి చెబుతాను. ఖాతాదారుల పేర్లు మాత్రం కనబడకుండా చెయ్యండి, వాళ్ళ మనవలు ఇప్పుడూ ఆ ఊళ్ళలోనే ఉంటారు, అప్పుల సంగతి బయటపడటం బాగుండదు.

ట్రెడిల్ సూర్యం

స్కానింగు చేయించేటప్పుడు వెనక వైపు కూడా తీయించు తల్లీ, ఆ అక్షరాల ఒత్తిడి పక్క నుంచి లైటు వేస్తే బాగా కనబడుతుంది. మార్కులన్నీ జిగురు లేని కాగితాల మధ్య విడివిడిగా పెట్టు, ఒకదాని రంగు ఒకదానికి అంటుకుంటుంది. కాపీ ఒకటి రాజమండ్రి గౌతమీ గ్రంథాలయానికి ఇస్తే మన జిల్లా పిల్లలెవరైనా చూసుకుంటారు. ఆ కాకినాడ ప్రెస్సు పేరు నాకు విడిగా పంపించు, మా నాన్నగారి దగ్గర పనిచేసిన ఒక కంపోజిటరుది కాకినాడే, వాళ్ళబ్బాయిని అడుగుతాను.

పుష్పలత

పంపించాను బాబాయ్ గారూ. చిట్టాలు తెరిచాను. అచ్చు కూలి పద్దు ఇంకా దొరకలేదు. ఒక ఆవర్జాలో పావు వంతు దాకా చూశాను, అంతా కరప, ద్రాక్షారామం, గంగవరం పేర్లే. ముక్తేశ్వరం పేరు ఒకచోట వచ్చింది, రెండు పట్టుచీరలు, ఒక జరీ పంచెల చాపు. పక్కన బాకీ అని రాసి, దాని మీద కొట్టేసి, చెల్లు అని వేరే సిరాతో ఉంది. అన్నయ్య పక్కనే కూర్చుని పేజీలు తిప్పుతున్నాడు, మిగతావి తనే చూస్తానంటున్నాడు. పూర్తయ్యాక ఊళ్ళ జాబితా ఇక్కడే పెడతాం.